నిచ్చెనవాడితో నా పోటీ

జర్మనీ నుంచి వచ్చాక కలిసినవాళ్లంతా కోటలు చూశావా, కార్ల ఫ్యాక్టరీ చూశావా అని అడుగుతున్నారు. చూశాను. కోటను దూరం నుంచి, ఫ్యాక్టరీని బస్సు కిటికీలోంచి. నిజానికి నేను అక్కడ ఎక్కువసేపు చూసింది ఒక ఫ్రెంచివాణ్ని. సినిమా పుట్టిన కొత్తలో, దానికింకా మాటలు రాని రోజుల్లో, భుజాన నిచ్చెన వేసుకుని ఒక వీధిలో నడిచిన మనిషి. వాడు పోయి ఎన్నేళ్లయిందో తెలియదు. అయినా వాణ్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎందుకో తెలియాలంటే నా పని గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో టీవీ సీరియళ్లకు హాస్యం రాస్తాను. కథ వేరేవాళ్లది, ఏడుపులు వేరేవాళ్లవి. పెళ్లింటి వంటవాడు, పక్కింటి పిన్ని, మతిమరుపు తాత నోరు తెరిస్తే వచ్చే మాటలు మాత్రం నావి. మనుషులను నవ్వించడమే నా బతుకుతెరువు. అలాంటి నా మాటకు నా ఒక్కగానొక్క మేనకోడలు నవ్వగా నేను చూడలేదు.

తమ్ముడు కిరణ్ ఇంగోల్‌స్టాట్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. కూతురు అన్వికి ఏడేళ్లు. అక్కడే పుట్టింది. ఫోన్లో నేను జోకు చెబితే "ఓకే అత్తా" అని ఫోన్ వాళ్ల అమ్మ చేతికిచ్చి వెళ్లిపోయేది. పేరు పెట్టిన రోజున ఆ పేరు పిల్ల చెవిలో మొదట చెప్పాల్సింది మేనత్త. నాకు వీసా రాక, వీడియో కాల్‌లో అరిచి చెప్పాను. అప్పటినుంచీ ఏదో బాకీ మిగిలినట్టే ఉంది. ఈసారి పిల్లను కడుపుబ్బ నవ్వించి, అత్త అంటే ఎవరో దానికి తెలిసేలా చేసి రావాలని నిశ్చయించుకుని విమానం ఎక్కాను.

ఇంగోల్‌స్టాట్‌లో ఓమ

మొదటి రోజు పొద్దున కిరణ్ ఆఫీసుకు పోయాడు. మరదలు దీప్తి స్నానానికి వెళ్లింది. అన్వి గదిలోంచి ముఖం ముడుచుకుని వచ్చి, నా ముందు నిలబడి "ఓమా" అన్నది.

మాది కరీంనగర్. వామును మేము ఓమ అంటాం. నిద్ర లేస్తూనే పిల్ల ముఖం ముడుచుకుని ఓమ అడిగిందంటే ఇంకేముంటుంది?

"కడుపుల నొస్తున్నదా బిడ్డా?" అన్నాను.

"ఓమా!" అన్నది మళ్లీ, వేలు కిందికి చూపిస్తూ. చూపించింది పొట్టనే అనుకున్నాను.

నేను ఎక్కడికి పోయినా నా సంచిలో ఓమ పొట్లం ఉంటుంది. నీళ్లలో మరిగించి, చల్లార్చి, చెంచాతో నోట్లో పోశాను. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. మింగలేక, ఉమ్మలేక, "ఓమా! ఓమా!" అని ఏడుపు అందుకుంది.

"ఇచ్చిన కదనే! ఇంకెంత ఓమ తాగుతవ్!" అని రెండో చెంచా నింపాను.

తలకు తువ్వాలు చుట్టుకుని దీప్తి పరుగెత్తుకొచ్చింది. "ఏం పోస్తున్నారు వదినా దాని నోట్లో?"

"ఓమ అడిగింది. పోస్తున్న."

దీప్తిది విజయవాడ. వాళ్లకు అది వాము. ఒక నిమిషం నా వైపూ, చెంచా వైపూ మార్చి మార్చి చూసి, వాసన చూసి, గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఓమా అంటే జర్మన్‌లో మామ్మ వదినా. మన కింద ఫ్లోర్‌లో హెడ్విగ్ అని పెద్దావిడ ఉంటారు. సెలవులొస్తే దీనికి లేవగానే ఆవిడ దగ్గరికి వెళ్లాలి."

ఆ మాట నాకు ఓమకంటే ఘాటుగా దిగింది. కరీంనగర్‌లో మా అమ్మ నిక్షేపంగా ఉంది. మనవరాలు ఫోన్లో ఒక ముద్దు పెడుతుందేమోనని ఆదివారాలు కొత్త చీర కట్టుకుని కూర్చుంటుంది. ఆమె పేరు చెబితే అన్వి కళ్లు ఎటో తిరుగుతాయి. కింద ఫ్లోర్ ఆమె కోసం ఏడుస్తుంది!

ఎలాంటి మనిషో చూద్దామని పిల్లతో పాటే దిగాను. డెబ్బై దాటిన పొడగరి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మగవాళ్ల చొక్కా. కొంచెం ఇంగ్లీషు వచ్చు. రేగుపళ్లలాంటి నీలం పళ్లు పేర్చి చేసిన కేక్ కోసి నా ముందు పెట్టింది. నిజం చెప్పాలి, చాలా బాగుంది. బాగున్నందుకు ఇంకా కోపం వచ్చింది. గదిలో సగం పియానోయే. మాటల్లేని పాత సినిమాలు ఆడేటప్పుడు పక్కన కూర్చుని పియానో వాయించడం ఆమె పనట. జీవితమంతా అదే చేసిందట.

అన్వి అలవాటైనట్టు కిటికీ తెర లాగింది. హెడ్విగ్ చిన్న ప్రొజెక్టర్‌తో గోడ మీద సినిమా వేసి, పియానో ముందు కూర్చుంది. అప్పుడు చూశాను వాణ్ని.

నాలుగైదు నిమిషాల బొమ్మ. పేరు ఫ్రెంచిలో ఉంది, నాకు నోరు తిరగలేదు. గోడలకు సున్నం వేసే పనివాడు ఒకడు. భుజాన పొడుగు నిచ్చెన, చేతిలో బకెట్. కెమెరా ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది. అరుగు మీద కుర్చీ వేసుకుని వీధిని చూసినట్టే. మనుషులు ఒక పక్క నుంచి వస్తారు, ఇంకో పక్కకు పోతారు. ముఖాన్ని దగ్గరగా చూపించడం, కళ్లలో నీళ్లు చూపించడం ఏమీ లేవు. అందరూ తల నుంచి కాలిదాకా కనిపిస్తారు కాబట్టి ఒళ్లంతా నటించాల్సిందే. వెనక నుంచి ఎవరో పిలుస్తారు, వాడు తిరుగుతాడు. నిచ్చెన కొన ఒక పెద్దమనిషి టోపీని ఎగరగొడుతుంది. ఏమిటా చప్పుడని ఇటు తిరుగుతాడు. రొట్టెలవాడి తట్ట పోతుంది. దెబ్బ తిన్నవాళ్లంతా వెంటపడతారు. వాడు వెనక్కి చూసి, ఇంతమంది పరుగెడుతున్నారంటే ముందు ఏదో తమాషా జరుగుతోందనుకుని, వాళ్లతో కలిసి తనూ పరుగెడతాడు. చివరికి బకెట్ వాడి నెత్తి మీదే బోర్లా పడుతుంది. సున్నం కారే ముఖంతో మన వైపు తిరిగి, మనమే ఏదో చేసినట్టు చూస్తాడు.

అన్వి నేల మీద పడి దొర్లింది. పొట్ట పట్టుకుంది. ఊపిరాడక దగ్గింది. "నొహ్‌మాల్! నొహ్‌మాల్!" అని అరిచింది. మళ్లీ వెయ్యమని. హెడ్విగ్ మళ్లీ వేసింది. పిల్ల మళ్లీ అంతే నవ్వింది.

నేను మాత్రం బిగుసుకుపోయి కూర్చున్నాను. ఎందుకంటే నా సీరియల్లో పందిరి వేసేవాడు నిచ్చెన తిప్పి పెళ్లికొడుకు బాబాయిని పడగొట్టే సీను ఒకటుంది. దానికి నాకు శాలువా కప్పారు. అది నా తలలోంచే ఊడిపడిందని నమ్మి ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే మన పాత సినిమాల్లో నిచ్చెన తిప్పని హాస్యగాడు లేడు, జారిపడే తట్ట లేకుండా వెంటపడే సీను లేదు. అందరి వెనకా వీడే ఉన్నాడు. నేను పుట్టకముందే నా జోకు కొట్టేశాడు. పైగా నా మేనకోడల్ని కూడా.

ఆ ఆదివారం దోసెల పిండికి మిక్సీ వేస్తే కిరణ్ గదిలోంచి దూకాడు. "అక్కా, బంద్ చెయ్! సండే రూహెట్సైట్ ఉంటది. చప్పుడు చెయ్యొద్దు. కిందనుంచి కంప్లైంట్ వస్తది." మిక్సీ ఆపాను. కాసేపటికి కింద నుంచి సన్నగా పియానో. "మరి గదేంది?" అన్నాను. "అది మ్యూజిక్ అక్కా" అన్నాడు. మిక్సీ చేదు, పియానో ముద్దు! ఆ రోజు దోసెలు బరకగా వచ్చాయి.

వారం మధ్యలో తెలిసింది. హెడ్విగ్ సొంత ఊరు జీగెన్. అక్కడ ఒక చిన్న హాల్లో ఏటా ఒక శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పూట పాత హాస్యచిత్రాలు వేస్తారు. ఆమె వాయిస్తుంది. ఈసారి అన్విని వెంట తీసుకెళ్తానన్నది. కిరణ్, దీప్తి సరేనన్నారు కూడా.

"నేను గూడ వోత" అన్నాను.

"నీకు కోట టికెట్ తీసిన గదా అక్కా" అన్నాడు కిరణ్.

"కోట ఏడికి పోదు" అన్నాను. పిల్ల పోయేలా ఉంది మరి.

రైల్లో

జర్మన్ రైల్లో మాట్లాడకూడదని రాసి ఉండదు గానీ ఎవరూ మాట్లాడరు. నేను అమ్మకు ఫోన్ చేసి ఓమ సంగతి చెబుతుంటే పెట్టెలో ఉన్న తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. మన ఊళ్లో అయితే ఈపాటికి పక్కావిడ "తర్వాత ఏమైందమ్మా" అని అడిగేది. అన్వి సిగ్గుతో సీట్లో కిందికి జారింది.

స్టేషన్లో బాత్రూముకు పోవాలంటే ఒక యూరో. నీళ్ల సీసాకూ రెండు మూడు యూరోలు. తాగేసి సీసాను చెత్తబుట్టలో పడేశానో లేదో, అన్వి "అత్తా! ప్ఫాండ్!" అని కేక పెట్టింది. ఖాళీ సీసా దుకాణంలో తిరిగి ఇస్తే పావు యూరో వస్తుందట. హెడ్విగ్ బుట్టలో చెయ్యి పెట్టి సీసాను తీసి, తుడిచి, సంచిలో వేసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. అన్వి ఆమె వైపు ఏదో వీరనారిని చూసినట్టు చూసింది.

ఎదుటి సీట్లో ఒక ముసలి రైతు, కాళ్ల దగ్గర దూడంత కుక్క. మూడు గంటలపాటు అది మొరగలేదు, కదల్లేదు. నేను పిలిచి బిస్కట్ చూపించాను. వాసన చూసి, తల తిప్పి, హెడ్విగ్ బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. కుక్క కూడా!

జిండెల్ఫింగెన్‌లో పెరుగు

దారిలో ఒక రాత్రి కిరణ్ స్నేహితుడు రమేష్ ఇంట్లో ఉన్నాం. రాజమండ్రివాళ్లు. ఊరంతా కార్ల ఫ్యాక్టరీయే. ఆ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది. సీరియల్ రచయిత్రి వచ్చిందని తెలిసి ఇంకో రెండు కుటుంబాలు గిన్నెలతో సహా దిగాయి. పులిహోర, గుత్తి వంకాయ, పెరుగన్నం. అక్కడ కొత్తిమీర కట్ట ధర చెబితే మన ఇళ్లలో పచ్చడి మానేస్తారు, అందుకని చెప్పను.

హెడ్విగ్ చెంచా పక్కన పెట్టి చేత్తో పులిహోర కలుపుకుంది. అంతే, ఇల్లంతా ఆమె చుట్టూ మూగింది. ఆడవాళ్లు ఫొటోలు తీశారు. పుట్టినప్పటినుంచి నేనూ చేత్తోనే తింటున్నాను. ఒక్కరూ ఫొటో తియ్యలేదు.

భోజనాలయ్యాక రమేష్ అడిగాడు. "అక్కయ్యగారూ, ఆ పెరుగు జోకు మీ నోటితో ఒక్కసారి చెప్పరాండీ. మా ఆవిడ పడి పడి నవ్విందండి దానికి."

నా గుండె నిండింది. అన్వి ఎదురుగా కూర్చుంది. నిలబడి మరీ చెప్పాను. పెళ్లి విందులో పెళ్లికొడుకు తల్లి అంటుంది, "మా అబ్బాయికి పెరుగు పడదండీ." వడ్డించేవాడు అంటాడు, "గిన్నె ఇంకొంచెం వంచితే పడుతుందమ్మా."

ఇల్లు ఎగిరిపోయింది. రమేష్ కళ్లు తుడుచుకున్నాడు. నేను అన్వి వైపు చూశాను. అది అందరి ముఖాలూ చూస్తోంది, తాను ఏదో స్టేషన్ దాటిపోయినట్టు.

"అత్తా, యోగుర్ట్ ఎక్కడ పడింది? ఔఫ్ డెన్ కోప్ఫ్?"

"నెత్తి మీదా అని అడుగుతోందండి" అన్నాడు రమేష్.

"పడలేదురా. పడదు అంటే ఒంటికి సరిపడదని. వాడు ఇంకో అర్థం తీసుకున్నడు."

"ఎవరి మీదా పడలేదా?"

"పడలేదు."

"ఓకే" అన్నది. ఫోన్లో అనే ఓకేనే. లేచి హెడ్విగ్ ఒళ్లోకి వెళ్లి కూర్చుంది. హెడ్విగ్ దాని చెవిలో ఏదో చెప్పి, గిన్నె వంచినట్టు అభినయించి, ఊహల్లోని పెరుగు తన తల మీదే పోసుకుని కళ్లు మిటకరించింది. అన్వి కిలకిలా నవ్వింది. నా జోకుకు, ఆమె ఒళ్లో.

ఆ క్షణంలో నాకు ఏడుపు వచ్చింది. మంచినీళ్ల మిషతో వంటింట్లోకి పోయాను.

జీగెన్, శనివారం

జీగెన్ గుట్టల మీద ఊరు. ఎటు పోవాలన్నా ఎక్కాలి, లేదా దిగాలి. వాన చినుకు తెంపు లేకుండా పడుతోంది. యూనివర్సిటీ ఉంది కాబట్టి బస్టాపుల్లో తెలుగు వినబడుతుంది. ఒకడు ఇంకొకణ్ని "టెర్మిన్ దొరికిందారా" అని అడుగుతున్నాడు. పెళ్లిసంబంధం కుదిరిందా అన్నంత ఆత్రంగా. ఏదైనా ఆఫీసులో మనిషిని కలవడానికి దొరికే సమయాన్ని అక్కడ టెర్మిన్ అంటారు.

సంతలో ఆలుగడ్డ తురుమును నూనెలో వేయించిన అట్లు అమ్ముతున్నారు. పక్కన ఆపిల్ గుజ్జు పెడతారు. కారం తినాల్సిన చోట తీపి పెట్టడం ఏమిటో. నేను సంచిలోంచి మామిడికాయ తొక్కు తీసి నంజుకున్నాను. దుకాణంవాడు అడిగి మరీ కొంచెం నాలిక మీద వేసుకుని, చాలాసేపు ఆకాశం వైపు చూశాడు. తేరుకున్నాక నాకు ఇంకో అట్టు ఊరికే ఇచ్చాడు.

హాలు దగ్గర టికెట్లు చింపుతున్న అమ్మాయి నన్ను చూసి నోరు తెరిచింది. "మేడమ్, మీరు ఆ సీరియల్‌కి రాసేవారు కదూ? మా అమ్మమ్మ మీ ఎపిసోడ్ ఒక్కటి కూడా వదలదండి!" పేరు శ్రావ్య. ఒంగోలు పిల్ల, అక్కడ ఎం.ఎస్. చదువుతోంది. తోటి విద్యార్థులను నలుగురైదుగురిని పిలిచి పరిచయం చేసింది. "మేడమ్, బొమ్మ ఆడుతుంటే మీ స్టైల్లో తెలుగులో మాటలు చెప్పండి. భలే ఉంటుంది." ఎన్నో రోజుల తర్వాత నా ఎత్తు రెండంగుళాలు పెరిగింది. అన్వి వింటోందో లేదో అని చూశాను. వింటోంది.

చిన్న హాలు. ప్రొజెక్టర్‌ను నడవ మధ్యలో బల్ల మీద పెట్టారు. తెరకు పక్కగా పియానో, దాని ముందు హెడ్విగ్. వేసిన సినిమాల్లో అన్నిటికన్నా చివరిది నా నిచ్చెనవాడిది.

వాడు తెర మీదికి రాగానే నేను గొంతు తగ్గించి మొదలుపెట్టాను. "ఏమయ్యా టోపీ అయ్యగారూ, నెత్తి మీద పిట్టగూడు పడిపోయింది చూసుకో" అన్నాను. విద్యార్థులు మర్యాదగా ముక్కుల్లో నవ్వారు. "రొట్టెలన్నీ రోడ్డు మీద పోశావా, ఈ రోజు కుక్కలకు పండగే" అన్నాను. ముందు వరుసలో ఒకావిడ తిరిగి చూసింది. నాకు హుషారు పెరిగింది. మూడో మాట అందుకోబోతుంటే, పక్కనుంచి గట్టిగా, హాలంతా వినబడేలా,

"అత్తా! ప్స్‌స్ట్!"

అన్వి. పెదవుల మీద వేలు. కళ్లలో అసలైన కోపం. నేను వాడికి అడ్డం వస్తున్నాను.

ఇరవై ఏళ్లుగా మాటలమ్ముకుని బతుకుతున్నదాన్ని. మా ఇంటి పిల్ల నన్ను నోరు మూసుకోమన్నది, ఎన్నడో చచ్చిపోయిన ఒక ఫ్రెంచివాడి కోసం! సంచి తీసుకుని లేచాను. బయటికి పోయే తలుపు తెర పక్కనే, హాలు అవతలి వైపు. చీకట్లో ఎటు పోతున్నానో చూసుకోలేదు. తిన్నగా ప్రొజెక్టర్ వెలుగులోకి నడిచాను.

పక్కకు తిరిగేసరికి తెర మీద ఫ్రెంచి వీధి మధ్యలో ఒక పెద్ద నల్లటి ఆడమనిషి. కొప్పు, శాలువా, చంకలో సంచి. నేనే. అదే సమయానికి వాడు తిరిగాడు. నా తలకంటే పెద్దదైన నిచ్చెన కొన నా ముఖం మీదికి దూసుకొచ్చింది. నాకు తెలియకుండానే "అమ్మో" అని కిందికి వంగాను.

హాలు గొల్లుమంది. ఏమైందో తెలియక లేచి నిలబడ్డాను. వాడు మళ్లీ ఇటు తిరిగాడు. మళ్లీ వంగాను. సంచి జారి తొక్కు సీసా దొర్లింది. కళ్లలో వెలుగు కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరు నవ్వుతున్నారో చూద్దామని జనం వైపు తిరిగాను. దానికి ఇంకా నవ్వారు. ఆ నవ్వుల్లో ఒకటి ఊపిరాడక దగ్గుతోంది. అన్వి సీటు మీదికి ఎక్కి నిలబడి, వేలు నా వైపు చూపిస్తూ, జనమందరికీ చెబుతోంది:

"దస్ ఇస్ట్ మైనె అత్తా! మైనె అత్తా!"

శ్రావ్య చీకట్లోంచి అరిచింది. "'ఆవిడ మా అత్త' అంటోంది మేడమ్!"

చెప్పనక్కర్లేదు. అర్థమైంది. ఆ వెలుగులో అలాగే నిలబడిపోయాను. నాకు శాలువా కప్పిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

తర్వాత కాఫీ దగ్గర ఒక చేతికర్ర పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అదంతా ముందే ఏర్పాటు చేసిందనుకున్నాడు పాపం. అన్వి నా పక్కనే కూర్చుంది, నా కొంగు వేలికి చుట్టుకుంటూ. ఎదురుగా హెడ్విగ్ కేక్‌ను ఫోర్కుతో పొడుస్తోంది, తినడం లేదు. "జనం సినిమా కోసం వస్తారు" అన్నది ఇంగ్లీషులో, ఎవరితోనో అన్నట్టు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. వారం రోజులుగా నేను వేసుకు తిరుగుతున్నదే. జాలి పడాల్సింది. ఇంకో ముక్క కేక్ తెప్పించుకున్నాను.

జీగెన్, ఆదివారం

"అత్తా, రేపు నొహ్‌మాల్?" అని రాత్రే అడిగింది అన్వి. అడగడమే ఆలస్యం.

పొద్దున శ్రావ్యను పిలిపించి, ఫోన్లో ఆ సినిమాను మళ్లీ మళ్లీ వేయించుకున్నాను. వాడి రహస్యం నాకు దొరికిందనిపించింది. అంతా టైమింగ్. తిరగడానికి ముందు వాడు భుజం కొంచెం ఎగరేస్తాడు. అది చూసి నేను వంగాలి. బస చేసిన గదిలో గొడుగును నిచ్చెన చేసి శ్రావ్య తిప్పింది, నేను వంగాను. నిన్న సంచి దానంతటది జారింది, ఈ రోజు రెండోసారి వంగినప్పుడు వదిలేయాలని పెట్టుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేటప్పుడు కొంచెం ఎక్కువసేపు ఆగాలనుకున్నాను. కొప్పు కూడా నిన్నటికంటే ఎత్తుగా కట్టాను.

"సూపర్ మేడమ్. నిన్నటికన్నా బావుంది" అన్నది శ్రావ్య.

హాలు నిండింది. నిచ్చెనవాడు వచ్చాడు. లేచాను. వెలుగులోకి నడిచాను. వాడి భుజం ఎగిరింది. వంగాను. ఒక్క క్షణం కూడా అటూ ఇటూ కాలేదు. లేచాను, వంగాను, సంచి వదిలాను. జనం వైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టి, ఆగాను.

ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఇంకా కాసేపు ఆగాను. వెనక వరుసలో శ్రావ్య ఒక్కతే చప్పట్లు కొట్టబోయి మానేసింది. హెడ్విగ్ పియానో నా కోసం ఆగలేదు, తడబడలేదు, తన దారిన తాను పోయింది. నేను సంచి ఏరుకుని, వంగి నడుస్తూ వచ్చి సీట్లో కూలబడ్డాను. తెర మీద వాడి నెత్తిన సున్నం పడింది. హాలంతా నవ్వింది. ఎన్నోసారో తెలియదు, అదే సున్నం, అదే నవ్వు. వాడి మీద అసూయ నాకు అలవాటైపోయింది. ఇప్పుడు కొత్తగా నిన్నటి నా నీడ మీద పట్టరాని అసూయ కలిగింది. అది ఏమి చేసిందో నాకు తెలియడం లేదు.

అన్వి నవ్వలేదు. నా వైపే చూస్తోంది. కోపంగా కాదు, లెక్క తప్పిన చోటు వెతుకుతున్నట్టు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, ఒక్క జర్మన్ ముక్క లేకుండా, వాళ్ల నాన్న యాసలో అన్నది:

"నిచ్చెన వస్తదని నీకు ముందే తెలుసు కదా అత్తా. ఆయనకు తెల్వదు."

ఇరవై ఏళ్లలో ఎందరు దర్శకులతో కూర్చున్నాను, ఎన్ని సీన్లు కొట్టేసి మళ్లీ రాశాను. టోపీ పోయిందని వాడికి తెలియదు, వెంటపడుతున్నది తననే అని వాడికి తెలియదు, అందుకే వందేళ్లు దాటినా వాడు పడుతుంటే మనం నవ్వుతున్నాం. ఇంత చిన్న మాట నాకు ఒక్కరూ చెప్పలేదు. నాకూ తట్టలేదు. ఆ క్షణాన హెడ్విగ్‌నూ, నిచ్చెనవాణ్నీ, నా నీడనూ అందరినీ వదిలేసి, పాలపళ్లు ఊడిన ఆ ఏడేళ్ల పిల్ల మీద కుళ్లుకున్నాను. కుళ్లుకుంటూనే దగ్గరికి లాక్కున్నాను. వచ్చి ఒళ్లో కూర్చుంది.

దీపాలు వెలిగాక హెడ్విగ్ మా దగ్గరికి వచ్చింది. అన్వి ఏమన్నదో శ్రావ్య ఆమెకు జర్మన్‌లో చెప్పింది. హెడ్విగ్ ముఖం వెలిగిపోయింది. అన్వి తల నిమిరి ఏదో అన్నది.

"అదంతా తన పియానో పక్కన కూర్చుని నేర్చుకుంది అంటున్నారు మేడమ్."

నేను హెడ్విగ్ కళ్లలోకి చూస్తూ, పిల్లను రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా తెలుగులోనే చెప్పాను. "గిది నేర్చుకుంటే వచ్చేది కాదమ్మా. మేనత్త పోలిక."

శ్రావ్య తర్జుమా చేయడానికి నోరు తెరిచింది. వద్దని చెయ్యి చూపించాను. హెడ్విగ్ ముఖం అప్పటికే మాడిపోయింది.